160 చోట్ల ఇబ్బందట!

పెళ్లి మండపంలో మనకో అద్భుతమైన విద్య ఉంది. మిట్టమధ్యాహ్నం ముహూర్తమైనా సరే, పురోహితుడు బయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు వేలు చూపిస్తే వధూవరులకు అరుంధతీ నక్షత్రం కనిపించేస్తుంది. వెనకాల నిలబడ్డ పెద్దమ్మకీ కనిపిస్తుంది, వీడియో తీసేవాడికీ కనిపిస్తుంది. ఇంత చూపున్నవాళ్లకి, పైవాటాలో ఏళ్ల తరబడి ఒకే పొయ్యి మీద వండుకు తింటున్న ఇద్దరాడవాళ్లు మాత్రం ‘ఫ్రెండ్స్’గానే కనిపిస్తారు.

మనదాకా ఎందుకు, కేంద్రానికే కనపడలేదు. హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్, మరికొందరు తమ స్వలింగ పెళ్లిళ్లకు గుర్తింపు అడిగితే, ఇదంతా నగరాల్లోని ఉన్నత వర్గాల గోల అని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. నిజమే కాబోలు. పల్లెల్లో ఇలాంటివాళ్లుండరు. ఒకవేళ ఉన్నా, మేనబావతోనో మేనమరదలితోనో మూడుముళ్లు పడేలా చూసేస్తాం కదా, ఇక లెక్కలోకి ఎలా వస్తారు? పొలం పనికెళ్లే ఆడమనిషి కూడా ఈ కోవలో ఉండొచ్చని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తీర్పులో రాశారు. ఆయనకి మన ఊళ్ల సంగతి తెలియదు, పోనివ్వండి.

సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా కోర్టులో చెప్పిన లెక్క మాత్రం నాకు తెగ నచ్చింది. ఈ పెళ్లిళ్లను ఒప్పుకుంటే 160 నిబంధనలు చిక్కుల్లో పడతాయట. అంటే, భార్యాభర్తలైనందుకు దక్కే హక్కులూ మీద పడే బాధ్యతలూ అన్ని చోట్ల ఉన్నాయన్నమాట. పిటిషనర్లు మొత్తుకుంటున్నదీ అదే. పాపం, వాళ్ల తరఫున ప్రభుత్వమే లెక్కగట్టి పుణ్యం కట్టుకుంది.

ఒకటి రెండు చూద్దాం. మొగుడు పెళ్లానికి లక్ష రూపాయల నెక్లెస్ కొనిపెడితే ఆదాయపు పన్నువాళ్లు కన్నెత్తి చూడరు. అదే నెక్లెస్ ఒకామె తన సహచరికి కొనిపెడితే, 50,000 దాటిన కానుక కాబట్టి అది పుచ్చుకున్నామె ఆదాయం. ముచ్చట తీరాక పన్ను కట్టుకోవాలి.

వారసత్వం ఇంకా ముచ్చటైనది. వీలునామా రాయకుండా ఒకాయన పోయాడనుకోండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ముందుగా భార్యాపిల్లల్నీ తల్లినీ వెతుకుతుంది. వాళ్లు లేకపోతే తండ్రి, తోబుట్టువులు, ఆపైన ఎన్ని తరాల అవతలి జ్ఞాతులైనా సరే. గట్టు తగాదాలో తప్ప ఎన్నడూ ఎదురుపడని దాయాది దర్జాగా వచ్చి ఫ్లాటు తాళాలు అడగొచ్చు. చుట్టమన్నవాడే లేకపోతే ఆస్తి సర్కారుకి. అదే ఫ్లాటులో పాతికేళ్లు కలిసి బతికి, చివర్లో బెడ్‌పాన్ మార్చినవాడి పేరు ఈ వరసలో ఎక్కడా లేదు. సర్కారు తర్వాత కూడా లేదు.

సంస్కృతి అంటారా? పదిహేనేళ్ల పిల్లకి పెళ్లి చేయడం నేరం. కానీ 2006 నాటి చట్టం ప్రకారం, ఆ పిల్ల తరఫున కోర్టుకెళ్లి రద్దు చేయించుకునేదాకా అది మామూలుగా పెళ్లే. చేసినవాళ్లు జైల్లో ఉన్నా పెళ్లి పదిలం. కట్నం 1961లోనే నిషిద్ధం. పుచ్చుకున్న పెళ్లికేమైనా లోటొచ్చిందా? ఇద్దరు మేజర్లు కట్నం ఊసెత్తకుండా రిజిస్ట్రార్ ముందు సంతకం పెడతామంటే మాత్రం కలియుగ ధర్మానికి మిగిలిన ఆ ఒంటికాలూ విరిగిపోతుంది! పశుపతినాథుడున్న నేపాల్‌లో 2023 నవంబరులో ఇలాంటి పెళ్లి రిజిస్టరైంది. ఆయనకేమీ అభ్యంతరం ఉన్నట్టు లేదు.

2023 అక్టోబరు 17న తీర్పొచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు. పోనీ పెళ్లి కాకపోయినా ఆ బంధానికో గుర్తింపు, కలిసి బిడ్డను దత్తత తీసుకునే వీలు ఇవ్వమంటే 3:2తో అదీ పోయింది. ఊరటగా కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ ఇచ్చారు. 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ మరో వరమిచ్చింది: ఈ జంటలు జాయింట్ అకౌంట్ తెరుచుకోవడానికి అడ్డేమీ లేదని! ఆ అకౌంట్ మీరూ మీ పాలవాడూ కలిసి కూడా తెరవొచ్చు, ఎప్పట్నుంచో తెరవొచ్చు. రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకూ కేంద్రం చెప్పింది. బియ్యం దగ్గర ఒకే ఇల్లు, ఆస్తి దగ్గర ఎవరికెవరు.

రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరి 9న కొట్టేశారు. చట్టం చేయాల్సింది పార్లమెంటేనని కోర్టు తేల్చింది కాబట్టి, మీ ఇంటి పెళ్లికి అక్షింతలు వేయడానికి మీ ఎంపీ వస్తే భోజనాల దగ్గర ఒక్కమాట అడగండి: ఆ 160 చోట్ల మాటేమిటండీ, సభలో ఎప్పుడెత్తుతారు అని.