ట్రయల్‌లో ఉన్న సంగీత దర్శకుడు

మా ఆయన సంగీత దర్శకుడని మా ఆవిడ అప్పుడప్పుడు బంధువులతో అంటూ ఉంటుంది. ఆ మాటలో గర్వం కోసం వెతక్కండి, దొరకదు. నా పాట ఒక్కటీ ఇంకా బయటికి రాలేదు. పాట చెయ్యాలంటే ముందు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి కదా! ప్రస్తుతం ఆ పనిలోనే తలమునకలుగా ఉన్నాను.

మొదట మనసు పడింది ఎఫ్ఎల్ స్టూడియో మీద. బెల్జియం సరుకు. 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో పుట్టింది. ఒక్కసారి కొంటే ఆ తర్వాత వచ్చే వెర్షన్లన్నీ ఉచితమే. ట్రయల్‌లో మాత్రం ఒక మెలిక ఉంది: చేసిన ప్రాజెక్టును సేవ్ చేసుకోవచ్చు గానీ, కొనేదాకా మళ్ళీ తెరవలేం. ఆ మెలిక నా పాలిట వరమైంది. "బ్రహ్మాండమైన పల్లవి కట్టాను, ఏం లాభం, లోపల ఇరుక్కుపోయింది" అని చాన్నాళ్ళు చెప్పుకు తిరిగాను. ఒక రాత్రి మా ఆవిడ పప్పులో పోపు వేస్తూ, "ట్రయల్‌లో కూడా ఎంపీ3గా తీసుకోవచ్చట కదండీ?" అంది. ఆ పల్లవి ఊసు మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

లాజిక్ ప్రో ధర 200 డాలర్లే. కానీ 2002లో ఆపిల్ దాన్ని తయారుచేసే ఎమాజిక్ కంపెనీని కొనేశాక విండోస్ వెర్షన్ ఎత్తేశారు. అంటే సాఫ్ట్‌వేర్ కోసం కంప్యూటర్ కొనాలి. ఈ విషయం ఇంట్లో కదిపి చూశాను. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఎప్పటినుంచి ఊడి ఉందో గుర్తుచేశారు. క్యూబేస్ 1989లో అటారి కంప్యూటర్ మీద మొదలైన పెద్దింటి బిడ్డ. 2022లో 12వ వెర్షన్ వచ్చేదాకా, యూఎస్‌బీ డాంగిల్ తగిలిస్తే గానీ నడిచేది కాదు.

రీపర్ రాసింది విన్యాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్. హాస్టల్లో నేను పాటలన్నీ విన్నది విన్యాంప్‌లోనే కాబట్టి చుట్టరికం కలిపేసుకున్నాను. 60 రోజులు వాడి చూడమంటారు, నాబోటి వాళ్ళకి 60 డాలర్లు. గడువు దాటినా తలుపు మూసెయ్యదు. తెరిచిన ప్రతిసారీ ఇంకా కొనలేదని గుర్తుచేసి, కాసేపు గుమ్మంలో నిలబెట్టి, అప్పుడు రానిస్తుంది. "అచ్చం నాలాగే" అంది మా ఆవిడ.

నా సాధనకు అడ్డం పడేది లేటెన్సీ. సెకనుకు 44,100 శాంపిళ్ళ లెక్కన, బఫర్ 1024 పెడితే మీట నొక్కాక కనీసం 23 మిల్లీసెకన్లకు గానీ శబ్దం రాదు. నా వేళ్ళు చేసే తప్పులన్నీ ఆ 23 ఖాతాలో రాసేశాను. బఫర్ 128కి తగ్గిస్తే ఆలస్యం 3 మిల్లీసెకన్లే. కానీ ల్యాప్‌టాప్ ఆవాల్లా చిటపటలాడడం మొదలుపెడుతుంది. పైగా తప్పు నెట్టడానికి ఎవరూ మిగలరు. మళ్ళీ 1024కే వచ్చేశాను.

క్యూబేస్‌లో నాదం వెచ్చగా ఉంటుందని నలుగురిలో అనేవాణ్ణి. అది తేల్చుకుందామని ఒకే ఫైళ్ళను క్యూబేస్‌లోనూ రీపర్‌లోనూ వేసి, వాల్యూములు, పాన్ లెక్కలు సమానం చేసి, ఒకదాని ఫేజ్ తిప్పి రెండోదానితో కలిపాను. తేడా ఉంటే అదే వినిపించాలి. ఏమీ వినిపించలేదు. ఇంత శ్రమపడి నేను తయారుచేసిన మొదటి సంగీతం ఆ నిశ్శబ్దమే. క్యూబేస్ నాదం వెచ్చగా ఉంటుందని ఇప్పటికీ అంటూనే ఉన్నాను, అలవాటైపోయింది.

ఇంతలో ఇంట్లోనే ఒక అవకాశం వచ్చింది. అమ్మ పాడిన మంగళహారతిని ఫోన్‌లో రికార్డు చేసి అమెరికాలో ఉన్న మా చెల్లికి పంపాలి. రెండో చరణానికీ మూడో చరణానికీ మధ్య కుక్కర్ విజిల్ పడింది. "ఆ ముక్క కత్తిరించండి చాలు" అంది మా ఆవిడ. ఉచితంగా దొరికే ఆడాసిటీలో చిటికెలో అయ్యే పని. అంతమాత్రానికి ఉచితమైనదానితో సరిపెట్టుకుంటే ఇన్నాళ్ళ నా పరిశోధన ఏం కాను? ఎక్సెల్‌లో పట్టిక వేశాను. అడ్డంగా సాఫ్ట్‌వేర్లు, నిలువుగా గుణగణాలు. "ఎంతవరకొచ్చిందిరా?" అని అమ్మ అడిగినప్పుడల్లా "చూస్తున్నానమ్మా" అన్నాను. నిజంగానే చూస్తున్నాను.

మా ఆవిడ చూసి చూసి స్టవ్ కట్టేసి, అత్తగారిని కూర్చోబెట్టి మళ్ళీ పాడించి, ఫోన్‌లోంచే పంపేసింది. మర్నాడు పొద్దున్నే చెల్లి మెసేజ్: "ఎంత శుభ్రంగా చేశావు అన్నయ్యా! ఏ సాఫ్ట్‌వేర్ వాడావు?"

ఇంకా జవాబివ్వలేదు. క్యూబేస్ అని చెప్పాలా, రీపర్ అని చెప్పాలా అన్నది తేలడం లేదు.