సౌజన్యం: గూగుల్

ఓ వెంచర్‌వారి వెబ్‌సైట్‌లో నీలాల చెరువు, అందులో హంసలు. ఫొటో మూలన తీసినవాడి పేరుంటే నీటుగా కత్తిరించేసి, కింద ‘సౌజన్యం: గూగుల్’ అని వేశారు. పాపం, గూగుల్‌గారు కెమెరా మెడలో వేసుకుని ఏ గట్టున కాపు కాశారో! 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు తీసినవాడు బతికున్నంతకాలం, పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. వ్యాపారానికి తెలిసి కాజేసినట్టు రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ‘పేరు వేశాంగా’ అంటే కుదరదు. వేసింది తీసినవాడి పేరైనా కాదాయె! అన్నట్టు, ఆ ఫొటోకి అడ్డంగా ఇప్పుడు వెంచర్ లోగో. పక్కనే ఎర్రక్షరాల్లో: ‘మా ఫొటోలు కాపీ కొడితే చట్టపరమైన చర్యలు తప్పవు.’