212 నుంచి 218 దాకా

రిటైరైన ఇంగ్లీషు లెక్చరరుకి ఊళ్లో పనికేం కొదవ ఉండదు. శుభలేఖలో స్పెల్లింగులు చూడాలన్నా, అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల వీసా ఫారం నింపాలన్నా మన గుమ్మమే తొక్కుతారు. నాకు వీటికి తోడు పరిశోధన పేపర్లు దిద్దే పని కూడా తగులుకుంది. ఒక స్కాలరుకి చేసిపెడితే అతను ఇంకొకరికి చెప్పాడు, అంతే. రొయ్యల దగ్గర్నుంచి సిమెంటు దాకా అన్ని శాస్త్రాలూ మా వరండాలోంచే వెళ్తున్నాయి. నాకు వాటిలో ఒక్కటీ రాదు. ఈ పనికి అదే అర్హతనుకుంటాను. విషయం తెలిసినవాడు వాక్యంలో లేనిది కూడా ఊహించుకుని చదివేస్తాడు. తెలియనివాడికి రాసింది మాత్రమే కనిపిస్తుంది.

అలా వచ్చినవాళ్లలో ఒక అమ్మాయిది భీమవరం దగ్గర పల్లెటూరు. తండ్రి రొయ్యల రైతు. మన దేశంలో 2009లో వనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక చేలు తవ్వి చెరువులు చేసినవాళ్లలో ఆయనా ఒకడు. ఓ ఏడు పంటకి ఈహెచ్‌పీ అనే జబ్బు తగిలింది. అది తెల్లమచ్చ తెగులులాగా రొయ్యల్ని రాత్రికి రాత్రి తేల్చెయ్యదు. మేత తింటూనే ఉంటాయి, సైజు మాత్రం రాదు. 40 కౌంటుకి పట్టుబడి చేద్దామనుకున్న చెరువు 100 కౌంటు దగ్గరే ఆగిపోయింది. కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. ఎంత తగ్గితే అంత ధర. ఆ నష్టం కళ్లారా చూసిన పిల్ల ఆ జబ్బు మీదే పీహెచ్‌డీకి చేరింది. సొంతూరి చుట్టుపక్కల చెరువుల్లో నమూనాలు తీసి, మొదటి పేపరు రాసుకుని, దాన్ని విదేశీ పత్రికకి పంపబోతూ నా దగ్గరికి వచ్చింది.

"ఏఐలో పెట్టి ఇంగ్లీషు బాగు చేయించేశానండి మాస్టారూ. మీరు ఊరికే ఓసారి చూస్తే చాలు" అంది.

చూశాను. ఇంగ్లీషు నున్నగా ఉంది. రెండో పేజీలో చెరువు నీటి ఉప్పదనం 15 పార్ట్స్ పర్ ట్రిలియన్ అని ఉంది. అమ్మాయి మొదట రాసుకున్నది 15 పీపీటీ. చెరువుల వాళ్ల లెక్కలో పీపీటీ అంటే వెయ్యికి ఇన్ని పాళ్లు. యంత్రం దాన్ని లక్ష కోట్లకి ఇన్ని పాళ్లుగా విప్పేసింది. భీమవరం చెరువుల్లో ఉప్పు మొత్తం మాయం. ఇంకోచోట "సంబంధం ఉండవచ్చు" అని ఆచితూచి రాసిన వాక్యం "కారణమని రుజువైంది" అయి కూర్చుంది. అది చూపిస్తే అమ్మాయి మొహం పాలిపోయింది.

ఈ అమ్మాయిదేముంది, పెద్దపెద్దవాళ్లకే తప్పలేదు. 2024లో బ్యాటరీల మీద ఓ అంతర్జాతీయ పత్రికలో వచ్చిన పేపరు "తప్పకుండా, మీ అంశానికి సరిపోయే ఉపోద్ఘాతం ఇదిగో" అనే అర్థం వచ్చే మాటతో మొదలైంది. చాట్‌బాట్ పలకరింపుని ఉన్నది ఉన్నట్టు అతికించి పంపేశారు. రాసినవాళ్లు, రివ్యూయర్లు, ఎడిటరు, ప్రూఫు చూసినవాళ్లు, ఇంతమందిలో ఒక్కరి కంటికీ మొదటి వాక్యం ఆనలేదు. తర్వాత ఆ పేపర్ని ఉపసంహరించారు. అలాగని తప్పంతా యంత్రం మీదికి నెట్టడానికీ లేదు. చాట్‌బాట్లు రాకముందే, 2014లో, చేపల మీద ఓ పేపరు మధ్యలో "ఆ చెత్త పేపర్ని ఇక్కడ ఉదహరించాలా?" అని రచయితలు తమలో తాము వేసుకున్న ప్రశ్న బ్రాకెట్లతో సహా అచ్చయింది.

నా పద్ధతి పాతకాలపుది. ముందు ప్రింటు తీయిస్తాను. తెర మీద కనపడని తప్పు కాగితం మీద కనపడుతుంది, ఎందుకో అడక్కండి. మొదటి విడత భాష జోలికే పోను, లెక్కలే చూస్తాను. సారాంశంలో 48 నమూనాలని ఉంటే పట్టికలోనూ 48 ఉండాలి కదా, చాలాసార్లు ఉండవు. తర్వాత పేర్లు. ఈ రొయ్యదే చూడండి, ఒకప్పుడు పీనియస్ వనామీ, మధ్యలో లిటోపీనియస్ వనామీ, ఇప్పుడు మళ్లీ చాలామంది పీనియస్ అంటున్నారు. ఏదైనా ఫర్వాలేదు కానీ పేపరంతా ఒకటే ఉండాలి, వాలు అక్షరాల్లో ఉండాలి, రెండోసారి నుంచి మొదటి మాటని పొట్టి చెయ్యాలి. అంకెకీ ప్రమాణానికీ మధ్య ఖాళీ, బ్రిటిష్ స్పెల్లింగా అమెరికనా, బొమ్మలో ఉన్న సంక్షిప్తాలకి కింద వివరణ ఉందా లేదా, ఇవన్నీ ఆ తర్వాత.

భాష చివర్న. మనవాళ్ల ఇంగ్లీషులో తప్పులు నాకు చుట్టాల్లాగా తెలుసు. డిస్కస్ పక్కన అబౌట్ వచ్చి చేరుతుంది. 'ద' ఉండాల్సిన చోట ఉండదు, అక్కర్లేని చోట తిష్ఠ వేస్తుంది. చేసిన పని భూతకాలంలో చెప్పాలి, బొమ్మలో కనిపించేది వర్తమానంలో చెప్పాలి. అమ్మాయి రెండూ కలిపేసింది. "100 కౌంటు రొయ్య" అని కూడా రాసింది. నార్వేలో కూర్చున్న మనిషికి అదేమర్థమవుతుంది? సగటు బరువు 10 గ్రాములు అని మార్పించాను.

అన్నీ అయ్యాక చర్చ భాగంలో ఓ పేరా దగ్గర నా పెన్ను ఆగిపోయింది. పత్రికలకి పంపే ప్రతుల్లో మార్జిన్లో వరుస నంబర్లు వేస్తారు. ఆ లెక్కన 212 నుంచి 218 దాకా, ఏడు వరుసలు కలిసి ఒకటే వాక్యం. కర్త మొదటి వరుసలో ఉన్నాడు, క్రియ ఆరో వరుసలో తగిలింది. మధ్యలో స్థిరత్వం, సమగ్రత, బహుముఖీనత లాంటి మాటలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఎన్నిసార్లు చదివినా రొయ్యకి నీళ్లు మంచివి కావాలని తప్ప నాకింకేం అర్థం కాలేదు.

"ఇది నేను రాసింది కాదండి" అంది అమ్మాయి కంగారుగా. "కోట్స్‌లో ఉంది చూడండి."

నిజమే. ముందొక కొటేషన్ గుర్తు, వెనకొక గుర్తు, చివర [14] అని రిఫరెన్సు నంబరు. తీసేద్దామన్నాను. గైడుగారు ఒప్పుకోరుట. ఆ రాసినాయన ఈ రంగంలో దిగ్గజమనీ, ఆయన మాట ఒకటి పడితే పేపరుకి బరువొస్తుందనీ గైడుగారే పెట్టించారుట. పోనీ సొంత మాటల్లో చెప్పమంటే, ఆ వాక్యం అర్థమైతేగా చెప్పడానికి! పైగా యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం దాకా శిక్ష లేదు, మూలం చెప్పి ఉటంకించింది ఆ లెక్కలోకే రాదు. కోట్స్‌లో భద్రంగా ఉంచడమే మేలనుకుంది. నేనూ ఊరుకున్నాను. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఎంత ఘోరంగా ఉన్నా అందులో కామా కూడా ముట్టుకోకూడదు. అది పరాయి సొత్తు.

పంపించింది. నెలలు గడిచాక ఇద్దరు రివ్యూయర్ల అభిప్రాయాలు వచ్చాయి.

మొదటాయన అరపేజీ రాశాడు. నమూనాలు తీసిన నెలల్లో వానలు పడ్డాయా, ఉప్పదనం అప్పుడు ఎంత మారింది, పీసీఆర్ పరీక్షలో నెగటివ్ కంట్రోలు పెట్టారా అని అడిగాడు. పేపరు చదివిన మనిషి అడిగే ప్రశ్నలు. అమ్మాయి దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి.

రెండో రివ్యూయరు శాస్త్రం జోలికి పోలేదు. "ఈ పేపర్లో ఇంగ్లీషు ప్రచురణ స్థాయిలో లేదు. ముఖ్యంగా 212 నుంచి 218 దాకా వరుసలు పూర్తిగా అర్థరహితం. రచయితలకి ఇంగ్లీషు వాక్యం నిర్మించడమే తెలియదని ఇక్కడ స్పష్టమవుతోంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారి చేత దిద్దించుకోవాలి" అన్నాడు. దాని కిందే, ఈ అంశంపై కీలకమైన కింది 5 పేపర్లను రచయితలు విస్మరించారని ఓ జాబితా ఇచ్చాడు. ఐదింటిలోనూ మొదటి పేరు ఒకటే. రివ్యూయరు పేరు గోప్యంగా ఉంచుతారని నియమం. ఇలాంటి జాబితాలు ఆ గోప్యాన్ని ఎంతమాత్రం నిలవనివ్వవని లోకానికంతా తెలుసు. కేవలం తన సైటేషన్లు పెంచుకోవడానికి రివ్యూయరు తన పేపర్లు చేర్చమనకూడదని ప్రచురణల్లో నీతి నియమాలు చూసే కోప్ లాంటి సంస్థలు మార్గదర్శకాలు రాసిపెట్టాయి. రాసిపెట్టాయి, అంతే.

మాతృభాష ముక్క మాత్రం మనకి కొత్త కాదు. 2023లో ప్లాస్ బయాలజీలో ఓ అధ్యయనం వచ్చింది. ఎనిమిది దేశాల్లో 908 మంది పర్యావరణ శాస్త్రవేత్తల్ని అడిగి చూస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకి భాష సరిచేసుకొమ్మన్న మాట మిగతావాళ్లకంటే 12.5 రెట్లు ఎక్కువగా ఎదురైందని తేలింది. నిజంగా భాష బాగోలేక అన్నవెన్నో, రచయితల ఊరు పేరు చూసి అన్నవెన్నో ఆ రివ్యూయర్లకే తెలియాలి.

గైడుగారు ఫోన్ చేశారు. "సార్, మీరు చూశారనే ధైర్యంతో పంపాం కదండీ" అన్నారు. మాటలో గౌరవం ఉంది, గొంతులో లేదు. డబ్బు తీసుకుని దిద్ది సర్టిఫికెట్ కూడా ఇచ్చే కంపెనీలున్నాయిట, ఈసారి అక్కడికి పంపుదామా అన్నారు. స్టైపెండు మీద బతికే పిల్ల చేత ఆ ఖర్చు పెట్టించొద్దు, రెండ్రోజులు ఆగమన్నాను. ఐదు పేపర్లూ మాత్రం చేర్చెయ్యమన్నారు. వాటిలో మూడు రొయ్యల మీదే కాదు, తిలాపియా చేపల మీద. "పడి ఉండనివ్వండి సార్, మనకేం పోయింది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి ఫోను.

"మాస్టారూ, నాలుగు పేపర్లు ఎక్కాయండి. ఐదోదాన్ని మాత్రం రిఫరెన్సుల సాఫ్ట్‌వేరు తీసుకోట్లేదు. మన జాబితాలో ఇప్పటికే ఉందంటోంది."

"ఎన్నో నంబరమ్మా?"

కాసేపు అటునుంచి మాట లేదు.

"పద్నాలుగండి."

నాకు నవ్వాగలేదు. అమ్మాయికి ఏడుపొచ్చింది. గైడుగారికి చెబితే ఆయనకి చెమటలు పట్టాయి. ఎడిటరుకి రాసేద్దామంటుంది అమ్మాయి. "అమ్మో, రేపు నీ థీసిస్ ఆయనకే వెళ్లొచ్చు" అంటారు గైడుగారు. ఇద్దరూ చెప్పింది న్యాయమే. చివరికి ఆ పేరా సంగతి నాకొదిలెయ్యమన్నాను. ఒక్కో అభ్యంతరానికీ విడివిడిగా జవాబు రాయడం పత్రికల పద్ధతి. దీనికి ఒక్క వాక్యం రాయించాను: "రివ్యూయరుగారి సూచన మేరకు ఈ పేరాను శ్రద్ధగా పరిశీలించి, అవసరమైన మార్పు చేశాం."

ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. మొదటి రివ్యూయరు తన ప్రశ్నలకి సమాధానాలు అందాయన్నాడు. రెండో రివ్యూయరు ఇలా రాశాడు: "భాష గణనీయంగా మెరుగుపడింది. ముఖ్యంగా ఇదివరకటి 212 నుంచి 218 దాకా వరుసలు ఇప్పుడు ఎంతో స్పష్టంగా, లోతుగా ఉన్నాయి. ప్రచురణకు సిఫారసు చేస్తున్నాను."

పేపరు అచ్చయింది. ఆ ఏడు వరుసల్లో మేం ఒక్క కామా కూడా కదపలేదు. చివర ఉన్న [14]కి ముందు ఆయన పేరు రాశాం, అంతే.