ఎండ పొడ తగలని ఒళ్లు

న్యూజెర్సీలోని మా ప్లెయిన్స్‌బరోలో తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే, పిల్లల చదువుల కబుర్లయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే: "మీకు విటమిన్ డి ఎంత వచ్చింది?" ఒకరికి 11, ఇంకొకరికి 14. రక్తంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాములు ఉంటే చాలామందికి సరిపోతుందంటారు, అది కూడా లేదు. ముప్ఫై ఏళ్ల కుర్రాళ్లు వారానికోసారి యాభైవేల యూనిట్ల మాత్ర మింగుతున్నారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మా రోజుల్లో ఎండని తప్పించుకునే దారే లేదు. మా గుంటూరు వైపు కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తే, వాటిని తిరగేయడానికి మిట్టమధ్యాహ్నం పోవాల్సిందే. అమ్మ డాబా మీద పాత పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టేది, కాకులు రాకుండా మమ్మల్ని కాపలా కూర్చోబెట్టేది. ఒంటి మీద చొక్కా ఉండేది కాదు. బడికి నడక, చెరువులో ఈత, సెలవొస్తే మామిడి తోట. "నల్లబడిపోతావురా" అని మమ్మల్ని ఇంట్లో కట్టేసినవాళ్లు లేరు.

ఆ ఎండ చేసే పని తక్కువది కాదు. చర్మంలో కొలెస్ట్రాల్‌కి దగ్గరి చుట్టం లాంటి కొవ్వు పదార్థం ఒకటుంది. దాని మీద ఎండలోని యూవీ-బి కిరణం పడితే అది మారుతుంది, ఒంటి వేడికి మెల్లగా విటమిన్ డి అవుతుంది. అది కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఇంకోసారి మార్పు చెందాకే, తిన్న కాల్షియాన్ని పేగులు ఒంటికి పట్టించుకోవడానికి పనికొస్తుంది. అది చాలకపోతే పిల్లలకి కాళ్లు వంకరపోతాయి, పెద్దలకి ఎముకలు మెత్తబడతాయి.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం పల్లెవాళ్లనీ పట్నంవాళ్లనీ పోల్చి చూసింది. పొలం పనికి పోయేవాళ్ల రక్తంలోనే డి ఎక్కువగా కనిపించింది. ఆ చుట్టుపక్కల డి బాగా తయారయ్యే వేళ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా అని కూడా ఆ డాక్టర్లే తేల్చారు. పొద్దున లేత ఎండలో పది నిమిషాలు నిలబడి పని అయిపోయిందనుకునేవాళ్లు ఈ మాట వినాలి. లేత ఎండ ప్రాణానికి హాయి, కాదనను. కానీ యూవీ-బి అందులో చాలా తక్కువ. నీడ మనకంటే పొట్టిగా పడుతున్నప్పుడే ఆ కిరణం మనదాకా బాగా దిగుతుంది.

ఇక ఇక్కడి సంగతి. జూలైలో గడియారం ఒంటిగంట కొట్టేసరికి ప్లెయిన్స్‌బరోలో సూర్యుడు బాగా పైకెక్కి ఉంటాడు. ఆ వేళ అపార్ట్‌మెంట్ల మధ్య ఆటస్థలం చూడండి. ఉయ్యాలలు ఖాళీ, జారుడుబల్ల ఖాళీ. పిల్లలు బేస్‌మెంట్‌లో ట్యాబ్ ముందు, అయ్యలు కిటికీకి బ్లైండ్స్ దించి లాప్‌టాప్ ముందు. గరాజ్‌లో కారెక్కి ఇంకో కప్పు కింద దిగుతారు. బ్యాడ్మింటన్ కూడా నాలుగు గోడల మధ్యే! ఊళ్లోనే ప్రిజర్వ్ ఉంది, చెరువు, చెట్లు, కాలిబాటలు ఉన్నాయి. మనూరి నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ నడకకి బయల్దేరేది పొద్దు వాలాకే, అదీ నిండా స్వెటరుతో.

చలికాలంలో ఇంకో భ్రమ. జనవరిలో పాటియో తలుపు వెనక కుర్చీ వేసుకుని, అద్దంలోంచి ఎండ వస్తోందిగా అని పెద్దవాళ్లు గంటలు గంటలు కూర్చుంటారు. వెచ్చదనం అద్దం దాటుతుంది, యూవీ-బి దాటదు. తలుపు తీసినా ఆ నెలల్లో దక్కేది అంతంతమాత్రమే. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఈ ఊరు 40 మీద. డిసెంబరు 21న ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా నీడ మనిషికి రెట్టింపు పొడవు పడుతుంది. పైగా మన చామనఛాయ చర్మం యూవీ-బిని చాలావరకు అడ్డుకుంటుంది కాబట్టి, తెల్లవాళ్లకంటే మనకి ఎక్కువసేపు ఎండ కావాలి. మనమేమో వాళ్లకంటే తక్కువసేపు బయటుంటున్నాం.

ఎండ చాలని చోట పాలైనా ఆదుకోవాలి. ఆ పాలతో ఈ ఊరికి పాత సంబంధం ఉంది. ఇక్కడి వాకర్-గోర్డన్ డెయిరీలో 1930లోనే ఒకేసారి యాభై ఆవుల్ని తిరిగే వేదిక మీద నిలబెట్టి పాలు పితికేవారు. పిల్లలకి కాళ్లు వంకరపోయే ఆ జబ్బు, రికెట్స్, రాకుండా అమెరికాలో పాలకి డి చేర్చడం మొదలైందీ ఆ దశకంలోనే. ఇప్పుడు మీరు కొనే గ్యాలన్ డబ్బా మీద ఆ మాట రాసే ఉంటుంది. కప్పు పాలలో సుమారు 100 యూనిట్లు. మన పిల్లలు ఆ పాలూ తాగరు, పెరుగన్నమూ తినరు.

కాబట్టి తల్లుల్లారా, తండ్రుల్లారా, మే నుంచి సెప్టెంబరు దాకా పిల్లల్ని మధ్యాహ్నం కాసేపు, చేతులూ కాళ్లూ ఎండకి తగిలేలా బయటికి పంపండి. మీరూ వెళ్లండి. చర్మం కందేదాకా ఉండొద్దు. కొంతసేపయ్యాక ఒళ్లు అదనంగా డి తయారుచేసుకోదు, కాలడం మాత్రమే మిగులుతుంది. చలికాలంలో డాక్టరు రాసిన మాత్ర మానకండి, సొంతంగా పెంచకండి. రోజుకి కావలసింది పెద్దలకి 600 యూనిట్లు, డెబ్భై దాటినవాళ్లకి 800.