‘నలుపులు గాఢములు’ అను సమీక్షా వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

‘ది రెవెనెంట్’ 2015లో వచ్చిన సినిమా. 1823 నాటి అమెరికా అడవుల్లో హ్యూ గ్లాస్ అనే వేటగాణ్ణి ఎలుగుబంటి చీల్చేస్తుంది. ప్రాణం ఉండగానే తోటివాళ్లు వదిలేసి పోతారు. అతను మంచులో పాకుతూ తిరిగొస్తాడు. కథ ఇంతే. దర్శకుడు ఇన్యారితు, ఛాయాగ్రాహకుడు లుబెజ్కి దీన్ని సహజమైన వెలుగులోనే తీయాలని పట్టుబట్టి, రోజులో దొరికే కాసింత మంచి వెలుతురు కోసం యూనిట్ మొత్తాన్ని కెనడా చలిలో నిలబెట్టారు. అక్కడ మంచు కరువైతే అర్జెంటీనా దక్షిణపు కొసకు పోయి పూర్తి చేశారు. వాళ్లిద్దరికీ, హీరో డికాప్రియోకూ ఆస్కార్లు వచ్చాయి. తర్వాత సినిమా డిస్కుగా వచ్చింది. డిస్కు వెనకాలే డిస్కు సమీక్షకులు వచ్చారు. ఈ టీక వారికి అంకితం.

మెతుకుసీమ పండితుడు మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకొని వ్యాఖ్యానాలు రాశాడు. ఎదుట ఉన్నది కాళిదాసు గనుక ఆ నియమం ఆయనకు చెల్లింది. మాకు దక్కిన మూలకర్త వేరు. మొదటి నియమం పాటిస్తాం. రెండోది కూడా పాటిస్తే రాయడానికి ఏమీ మిగలదు.

మూలము

(ఇది ఏ ఒక్కరి వాక్యమూ కాదు, ఆ జాతి సమీక్షలన్నిటి సారం.)

‘చిత్రము రిఫరెన్సు. నలుపులు గాఢములు. గడ్డమునందలి ప్రతి వెంట్రుకయు గణ్యము. శబ్దము చుట్టుముట్టును, మంద్రము సోఫాను కదుపును. సినిమా కొంచెము పొడవు.’

టీక

చిత్రము, శబ్దము: సుగమములు. రిఫరెన్సు: ఇంటికొచ్చిన బావమరిదికి టీవీ ఎంత ఖరీదైనదో తెలియజెప్పడానికి వేసే డిస్కు. ఇదీ సుగమమే.

నలుపులు గాఢములు: ఇక్కడ ఆగాలి. గాఢం కావాలంటే ముందు నలుపనేది ఒకటి ఉండాలి గదా! చీకటి అసలు పదార్థమేనా? మన శాస్త్రకారులు శతాబ్దాలపాటు వాదించుకున్న విషయమిది. ద్రవ్యమేనన్నారు భాట్ట మీమాంసకులు. దానికి రంగుంది, నలుపు. కదలిక ఉంది, దీపం పట్టుకు నడిస్తే అదీ జరుగుతుంది. గుణమూ క్రియా రెండూ ఉన్నది ద్రవ్యం కాకపోతే మరేమవుతుంది? పృథివి మొదలు మనస్సు దాకా లెక్కపెట్టిన తొమ్మిదింటి పక్కన దీన్ని పదోదిగా కూర్చోబెట్టారు. కణాదుని శిష్యులు ఒప్పుకోలేదు. రంగున్న వస్తువును చూడాలంటే కంటికి వెలుగు కావాలి. చీకటికి అది అక్కర్లేదు సరిగదా, వెలుగొస్తే మాయమవుతుంది. కనుక అది తేజస్సు లేకపోవడమే. నలుపు మనం అంటగట్టింది, కదిలింది దీపం. ఈ ఇద్దరి మధ్యా ప్రాభాకరులు దూరి, వెలుగును గురించిన జ్ఞానం కలగకపోవడమే చీకటి అని మూడో మాట అన్నారు.

ఈ తగవు కాశీలో తేలలేదు, టీవీల షోరూములో తేలింది. ఓలెడ్ తెరలో ఏ చుక్కకా చుక్కే వెలుగుతుంది. నల్లగా ఉండవలసిన చోట ఆరిపోతుంది. ఇది నిఖార్సయిన కణాద మతం. మామూలు ఎల్‌సీడీలో వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. ముందున్న స్ఫటికాలు దాన్ని మూయబోతాయి గానీ పూర్తిగా మూయలేవు; సందుల్లోంచి బూడిదరంగు కారుతుంది. ఆ చీకటిని మీటరు పెట్టి కొలవవచ్చు. కొలతకు దొరికేది ద్రవ్యమే!

ఇక ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మ దగ్గర భాట్టులకు తిరుగే లేదు. గ్లాస్ కోసం దివిటీలు పట్టుకొని అడవిలో వెతికే రాత్రి ఒకటుంది సినిమాలో. 4కె డిస్కు సెకనుకు నూరు మెగాబిట్ల పైదాకా మోయగలదు. నెట్‌ఫ్లిక్స్ 4కె కోసం మన కనెక్షన్‌ను అడిగే వేగం 15. ఈ తేడాను ఎక్కడ కోస్తారు? ఎవరూ చూడరనుకున్న చోట, చీకట్లో. దాంతో నలుపు చదరాలుగా విడిపోయి తెర మీద పాకడం మొదలెడుతుంది. రంగుంది, కదలిక ఉంది, పైగా ఆకారం కూడా వచ్చింది. పదో ద్రవ్యం కాదనే ధైర్యం ఇప్పుడు ఏ కణాద శిష్యుడికుంది?

పాపం, ప్రాభాకరులు కూడా ఓడలేదు. మిట్టమధ్యాహ్నం కిటికీ తీసి, ట్యూబులైటు వేసి చూసే హాలంతా వారిదే. వెలుగు బోలెడంత ఉంటుంది, తెర మీద ఉన్న వెలుగు తాలూకు జ్ఞానం మాత్రం కలగదు. దేశంలో అధికసంఖ్యాకులు ప్రాభాకరులేనని మా సిద్ధాంతం.

ఇంతకీ మూలకర్త ఏమన్నాడు? గాఢములన్నాడు. సరే.

గడ్డమునందలి ప్రతి వెంట్రుకయు: ఈ సినిమాలో కొంత భాగాన్ని ఆరున్నర కె వివరం పట్టగల అలెక్సా 65 కెమెరాతో తీశారు. వెడల్పాటి లెన్సు పెట్టి ముఖం మీదికి ఎంత దగ్గరగా పోయారంటే, నటుడి ఊపిరి తగిలి అద్దం మసకబారుతుంది. ఆ మసకను తుడవకుండా ఉంచేశారు, అతను బతికున్నాడనడానికి అదే సాక్ష్యం గనుక. మూలకర్త వెంట్రుకలు లెక్కపెట్టాడు, ఊపిరిని లెక్కలోకి తీసుకోలేదు. పైగా మసకకు ఒక మార్కు తగ్గించే రకం.

శబ్దము చుట్టుముట్టును: డిస్కులో ఉన్నది నష్టం లేని 7.1 శబ్దం. చుట్టూ ఏడు స్పీకర్లు, మంద్రానికి ఒకటి. మన టీవీకి ఉన్నవి రెండు, అవీ కిందికో గోడకేసో మాట్లాడతాయి. సినిమాలో నటుడు టామ్ హార్డీ ముక్కుతూ మూలుగుతూ చెప్పిన డైలాగు అందదు. రిమోట్ తీసి పెంచుతాం. పెంచిన క్షణాన ఎలుగుబంటి వస్తుంది. తగ్గిస్తాం. మళ్లీ గొణుగుడు. అయ్యా సమీక్షకా, మాటలు వచ్చేది నడిమి ఛానల్‌లో అని, దాన్ని కాస్త పెంచుకోవచ్చని, రాత్రిళ్లు పెద్ద చప్పుళ్లను అణిచే నైట్ మోడ్ చాలా సౌండ్‌బార్లలో ఉంటుందని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?

మంద్రము సోఫాను కదుపును: కింది ఫ్లాటువారి సోఫాను, అని అన్వయం. సంగీతకారుడు సకమోటో ఈ సినిమాకు సంగీతం చేసింది క్యాన్సర్ చికిత్స నుంచి లేచాక. అందులో స్వరానికీ స్వరానికీ నడుమ వదిలిన ఖాళీ చాలా ఉంది. ఖాళీ సోఫాను కదపదు గనుక మూలంలో దాని ప్రస్తావన లేదు.

సినిమా కొంచెము పొడవు: 156 నిమిషాలు. మూలకర్త సినిమాను గురించి పలికిన మాట మొత్తం మీద ఇదొక్కటే.

తాత్పర్యము

సెకనుకు 24 ఫ్రేములుగా తీసిన సినిమాకు మన టీవీ లేని ఫ్రేములు పుట్టించి నడుమ దూర్చుతుంది. అంత కష్టపడి పట్టిన వెలుగు డైలీ సీరియల్ వెలుగైపోతుంది. దీన్ని ఆపెయ్యండని 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు మెక్వారీ వీడియో పెట్టి మరీ బతిమాలారు. మరుసటి ఏడాది ఆ పనంతా ఒక్క మీటతో జరిగేలా ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ప్రకటన వచ్చింది. సమీక్షకుడికి ఇవన్నీ తెలుసు. తన గదిలో సరిచేసుకొనే కూర్చుంటాడు. మనకు చెప్పడు. చెబితే మన మామూలు టీవీలో కూడా సినిమా బాగానే కనబడుతుంది. అప్పుడు ఆయన టీవీ గొప్ప ఏం కాను?

సమీక్ష చివర ఒక పట్టిక ఉంటుంది: చిత్రానికి ఐదు నక్షత్రాలు, శబ్దానికి ఐదు, అదనపు హంగులకు మూడు. మంచులో పాకుతున్న ఆ మనిషి బతకాలని చూసేవాడికి అనిపించిందా లేదా అన్నదానికి ఆ పట్టికలో గడి లేదు. ఆ గడి గీసేదాకా ఆ పదమూడు నక్షత్రాలూ టీవీ తయారుచేసిన వాళ్లకే చెందుతాయి. వారి బిల్లులోనే జమ వేసుకోవాలని వ్యాఖ్యాత మనవి.