దేవత కల్లు మాన్పిస్తే సర్కారు శిస్తు పెంచింది

భక్తి దారిలో పడ్డ పేద ఊరు ఎంతమేరకు బాగుపడిందో తేల్చడానికి 1920లలో సూరత్ జిల్లా బార్డోలీ తాలూకాలో కొలబద్దలకు కరువు లేదు. దేవతకు ఒకటి, కాంగ్రెసుకు ఒకటి, అబ్కారీ శాఖకు ఒకటి, రెవెన్యూ శాఖకు ఒకటి ఉండేవి. కొలిపించుకునేవాళ్ల చేతికి బద్ద ఇచ్చే ఆనవాయితీ ఎక్కడా లేదు గనక, ఊరివాళ్లకు వేరే ఒకటి ఉండాలని ఎవరికీ తోచలేదు.

కొలతకు నిలబడ్డవాళ్లు ఆదివాసీలైన చౌధ్రీలు, గామిత్‌లు, ధోడియాలు. పై కులాలవాళ్లు వీళ్లందరినీ ఒకే గాటన కట్టి ‘కాలీపరజ్’ (నల్లజనం) అనేవాళ్లు. 1878 నాటి బొంబాయి అబ్కారీ చట్టం పుణ్యమా అని పెరట్లో ఇప్పసారా కాచుకోవడం నేరమైపోయింది. తాగాలంటే లైసెన్సు ఉన్న కొట్టుకే వెళ్లాలి. కొట్ల గుత్తలు చాలావరకు పార్సీ వ్యాపారులవి, అప్పులిచ్చేదీ వాళ్లే. సారా అరువు మీద వచ్చేది, అరువు తీరక పొలం పోయేది. ఒక్క సీసాతో సర్కారు ఖజానా, కొట్టు యజమాని కమతం రెండూ వృద్ధిలోకి వచ్చేవి.

1922 నవంబరులో సలాబాయి అనే దేవత ఈ ప్రాంతానికి వచ్చింది. పాల్‌ఘర్ తీరంలోని బెస్తల దగ్గర మొదలై, కొండల మీదుగా దక్షిణ గుజరాత్ చేరిందని ఈ ఉద్యమ చరిత్ర రాసిన డేవిడ్ హార్డిమన్ తేల్చాడు. ఆకుల పందిరి కింద జనం చేరేవాళ్లు. పూనకం వచ్చినవాళ్లు ఎర్రగుడ్డ పట్టుకొని తలలాడిస్తూ ఆజ్ఞలు పలికేవాళ్లు. కల్లు, సారా మానాలి. మాంసం, చేపలు ముట్టకూడదు. మగవాళ్లు రోజుకు రెండుసార్లు, ఆడవాళ్లు మూడుసార్లు స్నానం చెయ్యాలి. పార్సీలతో ఏ లావాదేవీ పెట్టుకోకూడదు.

కొలమానంగా చూస్తే ఇది మేలైనదే. మూడు ప్రతుల్లో నివేదిక అక్కర్లేదు, బావి దగ్గర నిలబడితే లెక్క తేలుతుంది. ఆ నీళ్లు తోడి మోసేది కూడా ఆడవాళ్లే గనక స్నానాల పద్దులో ప్రగతి ఎవరి నెత్తిన పడిందో చెప్పనక్కర్లేదు. చివరి ఆజ్ఞ మాత్రం భక్తి పుస్తకాల్లో దొరికేది కాదు. కొట్టుకు వెళ్లడం మానేసిన కూలీలు కొట్టు యజమాని పొలానికీ వెళ్లడం మానేశారు. దేవతకు అర్థశాస్త్రం రాదనుకున్నవాళ్లకు ఆ ఏడు కూలీలు దొరకలేదు. కొంతకాలానికి ఊళ్లలో మానినవాళ్లు ‘వర్జేలా’లు, మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ‘సర్జేలా’లు అయ్యారు. నూరు శాతం విజయమని రాసుకునే ఇప్పటి సంస్థల కంటే ఈ లెక్క నిజాయితీగలది.

కాంగ్రెసు కొలబద్ద అప్పటికే తయారై ఉంది. 1921 నవంబరులో ఢిల్లీలో పెట్టిన షరతుల ప్రకారం సామూహిక శాసనోల్లంఘనకు దిగే తాలూకాలో ఎక్కువమంది ఖద్దరు కట్టాలి, అంటరానితనం వదలాలి, హిందూ ముస్లింలు కలిసి ఉండాలి, అహింస పాటించాలి. 1922 జనవరి 29న బార్డోలీ సభ తన అర్హతను తానే ధ్రువీకరించుకుంది. పరీక్ష రాసినవాళ్లే దిద్దుకుంటే మార్కులకు లోటేముంటుంది? మన పెదనందిపాడు రైతులు శిస్తు ఆపినప్పుడు కూడా గాంధీ కొండ వెంకటప్పయ్యను అడిగింది ఇదే: ఢిల్లీ షరతులు నెరవేరాయా? ఎక్కడో గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో పోలీసు ఠాణా తగలబడితే శాసనోల్లంఘన ఆగిపోయి ఫలితాలు రద్దయ్యాయి. తర్వాత దేవత ఆజ్ఞల్లో ఖద్దరూ చేరింది.

అబ్కారీ శాఖకు ఊరు తాగకపోవడమంటే ఆదాయం పడిపోవడం. తెలుగువాళ్లకు ఈ పద్దు బాగా తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో ఖజానా గుర్తొచ్చి ఆ నిషేధం సడలింది.

వీటన్నిటినీ మించినది రెవెన్యూ శాఖ బద్ద. శిస్తు సవరణ కోసం తాలూకాను పరిశీలించిన డిప్యూటీ కలెక్టర్ జయకర్ సుమారు 30 శాతం పెంచాలన్నాడు. ప్రజలు బాగుపడ్డారనడానికి ఆయన చూపిన ఆధారాల్లో తాపీ లోయ రైలుమార్గం ఉంది, బళ్లు, పశువులు, పక్కా ఇళ్లు ఉన్నాయి. చదువు వల్లా, తాగుడు మానడం వల్లా కాలీపరజ్ మెరుగుపడ్డారన్నది కూడా ఉంది. తాగినన్నాళ్లూ అబ్కారీ పన్ను కట్టినవాడు మానినందుకు భూమి శిస్తు కట్టాలన్నమాట. దేవత మాట విన్న భక్తుడికి సర్కారు ఇచ్చిన యోగ్యతాపత్రం ఇదొక్కటే.

ప్రభుత్వం 30ని 22కి దించి ఖాయం చేసింది. 1928 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా రైతులు శిస్తు కట్టలేదు, వల్లభ్‌భాయ్ పటేల్ సర్దార్ అయ్యాడు. బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే అధికారులు మళ్లీ విచారించి, జయకర్ కౌలు లెక్కలు నమ్మదగ్గవి కావని తేల్చారు. 6 శాతం చాలన్నారు.

ఇన్ని బద్దల్లో ఏదీ తాకనివాళ్లు హాళీలు. పాటీదార్లు, అనావిల్ బ్రాహ్మణుల పొలాల్లో పెళ్లి అప్పుకు తరతరాలు జీతం ఉండిపోయిన దుబ్లా ఆదివాసీలు వీళ్లు. శిస్తు తగ్గితే లాభం పొలం ఉన్నవాడిదే గనక, 1928 విజయం వీళ్ల గుడిసె దాకా రాలేదు. 1941 డిసెంబరులో బార్డోలీ వెళ్లే రైల్లో గాంధీ నిర్మాణ కార్యక్రమం పుస్తకం రాసినప్పుడు అంశాలు 13. ఆదివాసీలు 16వ అంశంగా చేరింది 1945 సవరణలో. హాళీల విముక్తిని అప్పటికే, 1939లో, బార్డోలీలో సర్దార్ సమక్షంలో ప్రకటించి ఉన్నారు. అది జరిగిన 37 ఏళ్లకు, 1976లో, వెట్టిచాకిరీని రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది.