పక్క మడిలో పంపు సప్పుడు

మా పెద్దపల్లి జిల్లాలో వరికి మందు ఎప్పుడు కొట్టాలో పురుగు చెప్పదు, వ్యవసాయాధికారీ చెప్పడు. పక్క మడిలో తైవాన్ పంపు సప్పుడు చెబుతుంది. ఎస్సారెస్పీ డి-83 కాలువ కింద పొద్దున్నే ఒకాయన పంపు స్టార్ట్ చేశాడంటే, ఎండ ముదిరే లోపు చుట్టూ మడులన్నీ గుర్రుమంటాయి. దేనికి కొడుతున్నవే అని అడగండి. "ఆయన దేనికి కొడుతుండో గదానికే" అంటారు.

దుకాణం కాడ రోగి ఉండడు, రోగి బంధువు మాత్రమే ఉంటాడు. "మడి ఎర్రవడ్డది, ఏదన్న ఇయ్యి." మూడు డబ్బాలు వస్తాయి: ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, ఒకటి "బలానికి". బలం ఎవరికో అడిగినవాణ్ణి నేనింకా చూడలేదు.

వరి రసం పీల్చే సుడిదోమ తెలివైంది. ఆకుల మీద షికారు చేయదు. దుబ్బు మొదట్లో, నీళ్లకు కాస్త పైన, నీడ పట్టున కాపురం పెడుతుంది. మనం ఆకు కొసలు తడిపి ఇంటికొస్తాం. పైగా తొందరపడి పైరిథ్రాయిడ్ మందులు కొడితే ముందు పోయేవి సాలీళ్లు, మిరిడ్ నల్లులు. అవే దోమను తినేవి. దొంగలొస్తారన్న భయంతో పోలీసోళ్లను తరిమినట్టు! ఆపైన చెప్పులు వరసలో పెట్టి మరీ తెచ్చిన యూరియా. మడి నల్లగా నిగనిగలాడకుంటే ఊళ్లో ఇజ్జత్ పోదూ? ఆ నిగనిగే దోమకు దావత్.

చెప్పేవాళ్లు లేక కాదు. రామగిరిఖిల్లాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రాష్ట్రమంతా 2,601 రైతు వేదికలు కట్టారు, ఐదు వేల ఎకరాలకొకటి లెక్కన. మా వేదికలో ఏఈఓ మేడం ఓపిగ్గా చెప్పింది: నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరగా వదలాలె, గాలి వెలుతురు మొదళ్లకు తగలాలె, అప్పుడప్పుడు మడిని ఆరబెట్టాలె.

వెనక నుంచి ఒక పెద్దమనిషి లేచాడు. "గెట్టు కాడ జానెడు జాగ కోసం మా తమ్మునితోని మాటలు బందైనయి బిడ్డా. నడి మడిల జానెడు ఉత్తగ ఇడువమంటున్నవా?"

మేడం నవ్వి ఇంకో మాట చెప్పింది. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15 దోమలు కనిపిస్తేనే మందు. ముందు వంగి లెక్కపెట్టండి అని. ఇక్కడే చిక్కొచ్చింది. పంపు వీపున వేసుకుంటే ఊరంతటికీ కనిపిస్తుంది, ఎవుసం చేస్తున్నట్టుంటుంది. వంగి దోమలు లెక్కపెట్టేవాణ్ణి చూస్తే ఏదో పోగొట్టుకున్నాడనుకుంటారు.

ఆ మాట పట్టుకున్నది మా బావ ఒక్కడే. దుబ్బులు తట్టి చూశాడు. నీళ్లలో పడ్డవి దుబ్బుకు మూడో నాలుగో. పంపు ముట్టలేదు. రెండు రోజులకే పరామర్శలు మొదలయ్యాయి. "పైసలకు తక్లీఫ్ ఉన్నదా బావా?" అని ఒకరు, "సుల్తానాబాద్ దుకాణంల నా పేరు చెప్పు, ఉద్దెర ఇస్తడు" అని ఇంకొకరు. అక్క కూడా మొహం మాడ్చుకుంది.

చివరికి బావ పంపు నిండా కాలువ నీళ్లు పోసుకొని, మూతికి తువాల కట్టుకొని, మడంతా కలియతిరిగాడు. గెట్ల మీదివాళ్లు స్థిమితపడ్డారు.

వారం తర్వాత పక్క మడాయన ఇంటికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "నీ మడిల దోమ లేనే లేదు. ఏం మందు కొట్టినవో నాకొక్కనికి చెప్పు బావా."